అయిదేళ్ల ఖాళీ

“రెండు వేల పదహారు అక్టోబర్ నుంచి రెండు వేల ఇరవై ఒకటి ఆగస్టు దాకా నువ్వేం జేసినవ్?”

శ్రీశైలం ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా అడిగాడు. నేను కింద కూచుని గోంగూర గిల్లుతున్నాను. ఆదివారం. వారానికి నాకు దొరికే సెలవు అదొక్కటే. పొద్దుటి నుంచి రెండు బకెట్ల బట్టలు, పాప స్కూలు బూట్లు, ఇడ్లీ పిండి అయ్యాక గోంగూర దగ్గరికి వచ్చాను. ఎవరైనా బయటివాళ్లు వింటే అది పోలీసులు అడిగే ప్రశ్న అనుకుంటారు. అడిగింది నా మొగుడు. ఆ అయిదేళ్లూ నాతో ఇదే ఇంట్లో ఉన్న మనిషి.

“నీకు తెల్వదా బావా?” అన్నాను.

“తెలుసు గని, దీంట్ల ఏమని రాయాల్నో సమజైతలేదు. పదేండ్లది అడుగుతున్నది. ఒక్క నెల గూడ ఖాళీ ఉంచొద్దంట. సరే తియ్, నిరుద్యోగి అని కొడుత.”

టైపు కొట్టేశాడు. తర్వాతి గడిలోకి వెళ్లిపోయాడు. నేను చేతిలో ఉన్న ఆకును గిన్నెలో వేశాను, ఇంకో కాడ అందుకున్నాను. కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కాస్త తీరిక కావాలి. అప్పటికి పొయ్యి మీద పప్పు మూడో విజిల్ వేసింది.

ఆ దరఖాస్తు కెనడాది. సారపాకలో పేపరు మిల్లుకు జామాయిల్ కర్ర తోలే ఒక కాంట్రాక్టర్ దగ్గర శ్రీశైలం సూపర్‌వైజర్. లారీలను కాంటా ఎక్కించడం, కర్ర దింపించడం, రాని కూలీల ఇళ్లకు ఫోన్లు చేయడం అతని పని. చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. ఈ రెండు మాటలూ మా అమ్మ పెళ్లయిన కొత్తలో ఎంత గట్టిగా చెప్పిందంటే, ఇంకేమీ అడగకూడదు కాబోలు అనుకుని చాలా ఏళ్లు ఊరుకున్నాను. తనతో డిగ్రీ చదివిన ఒకతను కెనడాలో మంచు పక్కన కారు, కారు పక్కన తను నిలబడి ఫొటో పెట్టినప్పటి నుంచి శ్రీశైలానికి ఈ ఊరు సరిపోవడం మానేసింది. పీఆర్, అంటే శాశ్వత నివాసం. రెండేళ్లుగా మా ఇంట్లో అన్నం తర్వాత ఎక్కువ వినపడ్డ మాట అదే. మనకు పీఆర్ వస్తే చైత్ర చదువు అక్కడే. మనకు పీఆర్ వస్తే ఈ కిరాయి ఇల్లు పీడ వదులుతుంది. మనం, మనకు. ఆ ‘మనం’లో నేను ఉన్నానని నాకు ఖమ్మం వెళ్లిన రోజున తెలిసింది.

ఖమ్మంలో కన్సల్టెన్సీకి నన్ను తోడు తీసుకెళ్లాడు. అక్కడ రోజారాణి అనే అమ్మాయి అతని వయసు, చదువు, ఉద్యోగం ఒక్కొక్కటీ కంప్యూటర్లో వేసింది. దేనికి దానికి కొన్ని పాయింట్లు వస్తున్నాయి, అన్నీ కలిపినా చాలడం లేదు. ముప్పై దాటిన ప్రతి ఏటికీ కొన్ని పాయింట్లు పోతాయట. అతనికి ముప్పై ఎనిమిది. కాంటా దగ్గరి అనుభవం ఏ కోవలోకీ రావడం లేదు. శ్రీశైలం మొహం చిన్నబోయింది. అప్పుడా అమ్మాయి నా వైపు తిరిగి, “మేడం, మీరేం జేస్తరు?” అంది.

“స్టాఫ్ నర్సు. భద్రాచలంల ప్రైవేటు హాస్పిటల్ల.”

ఆమె మళ్లీ గబగబా కొట్టింది. “గిది ముందే చెప్పొద్దా సార్! మేడంని ప్రధాన దరఖాస్తుదారుగ పెడదాం. మీరు ఆమె మీద ఆధారపడ్డ భర్త కింద పోతరు.”

శ్రీశైలం నవ్వాడు. “పేరుకే గదా మేడం?”

“పేరుకు గాదు సార్. ఆమెకు వస్తెనే మీకొస్తది.”

తిరుగు ప్రయాణంలో బస్సులో నన్ను కిటికీ పక్కన కూచోమన్నాడు. పెళ్లయిన పదకొండేళ్లలో అదే మొదటిసారి. కొత్తగూడెం దాటాక, బయటికి చూస్తున్న నా చెవి దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు. “అమ్మకు ఇదంత చెప్పకు. ఇద్దరికి కలిపి పెట్టినం అని చెప్పు.”

ఇంగ్లీషు పరీక్షకు నన్ను నమోదు చేశాడు. మెయిల్ అతనిదే, ఫోన్ నంబరు అతనిదే, పాస్‌వర్డ్ అతనిదే. “అవన్ని నీకెందుకు, నేను జూసుకుంట. నువ్వు చదువుకో” అన్నాడు. చదువుకోవడానికి టైము మాత్రం నేనే చూసుకోవాలి. డ్యూటీకి వెళ్తూ సారపాక నుంచి గోదావరి వంతెన దాటేదాకా ఆటోలో చెవికి ఇయర్‌ఫోన్లు పెట్టుకునేదాన్ని. అంట్లు తోముతూ, “మీకు ఇష్టమైన ఒక ప్రదేశం గురించి రెండు నిమిషాలు మాట్లాడండి” అన్న ప్రశ్నకు ఇంగ్లీషులో నాకు నేనే జవాబు చెప్పుకునేదాన్ని. ఎంత ఆలోచించినా నాకు ఇష్టమైన ప్రదేశం తట్టేది కాదు. చివరికి మా ఇల్లందులో నాన్న బొగ్గుబాయి పని నుంచి వచ్చే టైముకు నేను వెళ్లి నిలబడే మలుపు గురించి చెప్పాను. మార్కులు బాగా వచ్చాయి. శ్రీశైలం స్నేహితుడికి ఫోన్ చేసి, “మన స్కోరు మంచిగొచ్చిందిరా” అన్నాడు.

ఇక మిగిలింది దరఖాస్తు నింపడం. అందులో ఆ అయిదేళ్లు.

మా మామయ్య జంపయ్యకు పక్షవాతం వచ్చింది రెండు వేల పదహారు దసరా ముందు. కుడిపక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. పెద్దాసుపత్రి నుంచి ముక్కులో గొట్టం, మూత్రం సంచితో ఇంటికి తెచ్చారు. మంచం ముందు గదిలో వేశారు. అందరూ నా వైపు చూశారు. అప్పటికి నేను భద్రాచలంలో ఐసీయూలో పనిచేస్తున్నాను. చైత్రకు ఏడాదిన్నర.

“ఇంట్ల నర్సునే ఉండంగ బయటి మనిషిని ఎందుకు వెట్టుకోవాలె?” అన్నాడు శ్రీశైలం.

“ఒక్క నెల సెలవు వెట్టు బిడ్డా” అంది మా అత్తమ్మ బతుకమ్మ.

ఆ నెల నాలుగేళ్ల పది నెలలు నడిచింది. ఉద్యోగం మానేస్తావా అని నన్నెవరూ అడగలేదు, మానేస్తానని నేనూ అనలేదు. సెలవు పొడిగించుకుంటూ పోతే ఒకరోజు హాస్పిటల్ వాళ్లే నా పేరు తీసేశారు. రెండు గంటలకోసారి మామయ్యను పక్కకు తిప్పాలి. బరువైన మనిషి. చెయ్యి ఎక్కడ వెయ్యాలో, మోకాలు ఎక్కడ ఆనించాలో తెలిస్తేగాని కదలడు. వీపు తుడిచి, పొడి వేసి, దుప్పటిలో ముడత లేకుండా లాగాలి. గొట్టంలోంచి జావ పోసేముందు అది కడుపులోనే ఉందో లేదో చూడాలి. సంచి మార్చాలి. కాలు వేళ్లు ఒక్కొక్కటీ వంచి చాపాలి. ఇది ఏ వార్డులోనైనా ముగ్గురు మూడు షిఫ్టుల్లో చేసే పని. నాకు షిఫ్టు దిగడం లేదు. దాని మధ్యలోనే వంట, పాప, బట్టలు, పరామర్శకు వచ్చినవాళ్లకు చాయ్. మొదట్లో నేను ఒళ్లు తుడుస్తుంటే మామయ్య కళ్లు మూసుకునేవాడు, రెప్పల కింద నుంచి నీళ్లు కారేవి. కోడలి చేత ఆ పని చేయించుకోవడం ఆయనకు ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు. నేను కూడా మొహం పక్కకు తిప్పుకుని, ఈ ఏడు గోదావరి ఎంత వచ్చిందో, కరకట్ట మీదికి జనం ఎట్లా పోయి చూస్తున్నారో చెప్పేదాన్ని. కొన్నాళ్లకు మంచినీళ్లకు ఎడమచేతి రెండు వేళ్లు ఎత్తడం నేర్చుకున్నాడు. అట్లా మేమిద్దరం ఒక భాష చేసుకున్నాం.

మూడో ఏట చూపించడానికి తీసుకెళ్తే డాక్టరు ఆయన్ని బోర్లా తిప్పి వీపంతా చూశాడు. “మూడేళ్ల నుంచి మంచంలో ఉన్న మనిషికి ఒక్క పుండు లేదు! ఎవరు చూస్తున్నారు?” అని ఆశ్చర్యపోయాడు.

“నా భార్యే సార్. ఇంట్లనే ఉంటది, ఖాళీగనే” అన్నాడు శ్రీశైలం. నన్ను పొగుడుతున్నాననే అనుకున్నాడు.

మామయ్య పోయాక మళ్లీ అదే హాస్పిటల్‌కు వెళ్లాను. “అయిదేండ్ల గ్యాప్ ఉంది గదమ్మా, ఫ్రెషర్ కిందనే తీసుకుంటం” అన్నారు. నేను సూది పట్టుకోవడం నేర్పిన నాగలత అప్పటికి ఇన్‌ఛార్జ్ సిస్టర్ అయింది. నా డ్యూటీ చార్టు నాకివ్వడానికి ఆ పిల్లే సిగ్గుపడింది. కాగితం నా చేతిలో పెట్టి, “అక్కా, ఏమనుకోకు” అని వెళ్లిపోయింది.

గోంగూర గిల్లిన ఆదివారం తర్వాత పది రోజులకు ఖమ్మం నుంచి ఫోను వచ్చింది. మళ్లీ వెళ్లాం. ఈసారి రోజారాణి కాదు, ఆ కన్సల్టెన్సీ యజమాని వెంకటేశ్వరరావు స్వయంగా కూచోబెట్టి మాట్లాడాడు. ఇంకొన్ని పాయింట్లు వస్తేగాని పిలుపు రాదు. ఆ పాయింట్లన్నీ ఆ అయిదేళ్లలో ఉన్నాయి.

“ఏం పర్వాలేదు. మాకు తెలిసిన నర్సింగ్ హోమ్ ఇక్కడే ఖమ్మంలో ఉంది. ఈ అయిదేళ్లు అక్కడ చేసినట్టు సర్టిఫికెట్ ఇస్తారు. మేడం ఒక్క సంతకం పెడితే చాలు” అని ఒక కాగితం నా ముందుకు జరిపాడు.

చదివాను. నా పేరే. అరుణశ్రీ అనే ఆమె తమ వద్ద అయిదేళ్లు క్రమశిక్షణతో, అంకితభావంతో పనిచేసిందని, రోగులతో ఎంతో ఓర్పుగా ఉండేదని రాసి ఉంది. ఇంతవరకు నా పనిని అంత బాగా ఎవరూ మెచ్చుకోలేదు. నేనెన్నడూ చూడని మనిషి, నేను చెయ్యని ఉద్యోగానికి.

“సార్, నేను ఆ అయిదేండ్లు మా మామయ్యను చూసిన. మంచంలో ఉన్న మనిషిని. అదే రాయొచ్చు గదా?”

ఆయన ఓపికగా నవ్వాడు. “మీరు మంచి పని చేశారమ్మా, కాదన్ను. కానీ ఇంట్లో చేసింది పనిలోకి రాదు. రూలే అంత. జీతం తీసుకుంటేనే అనుభవం. అదే పని పక్కింటాయనకు చేసి జీతం తీసుకునుంటే ఈపాటికి మీ పని అయిపోయేది.”

నేను మంచినీళ్లకని లేచాను. వెనకే రోజారాణి వచ్చింది. గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించి, “అక్కా, నేను చెప్పిన్నని అనకండ్రి. వాళ్లు ఫోన్ జేసి అడిగితే దొరికిపోతరు. దొరికితే అయిదేండ్లు మళ్ల పెట్టనియ్యరు. అంత మీ పేరు మీదనే పడ్తది. ప్రధాన దరఖాస్తుదారు మీరే గదా” అంది.

సంతకం పెట్టలేదు. ఆలోచిస్తానని కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. బస్సులో ఈసారి కిటికీ పక్కన అతనే కూచున్నాడు. పాల్వంచ దగ్గర ఉండబట్టలేక, “అందరు జేసేదే గదనే. ఎందుకు గట్ల భయపడ్తవ్?” అన్నాడు.

అతను నాది భయం అనుకున్నాడు. భయం కొంచెం ఉంది, లేదనను. కానీ నా మనసులో మెదిలేది వేరే. మామయ్యకు ఊపిరి అందకపోతే వంట ఆపి పరిగెత్తాను, అర్ధాకలితో గొట్టాలు కడిగాను, జ్వరంతో ఉన్న పాపను ఒక భుజాన వేసుకుని మామయ్యను రెండో చేత్తో తిప్పాను. అప్పుడు ఎవరైనా ఇది పని అని ఒక్క మాట అని ఉంటే బాగుండేది. నిరుద్యోగి అని ఒక గడిలో కొట్టారు. దాని వల్ల పాయింట్లు పోతున్నాయని తెలిశాక, ఇప్పుడు ఇంకెక్కడో పనిచేశానంటున్నారు. నేను చేసింది మాత్రం రెండు చోట్లా లేదు.

మర్నాడు సాయంత్రం అత్తమ్మ మోకాళ్లకు నూనె రాస్తుంటే, సంచిలోంచి బయటికి వచ్చిన ఆ కాగితం చూసి, “ఏంది బిడ్డా అది?” అంది. ఆమెకు చదువు రాదు. శ్రీశైలం చెప్పొద్దన్న సంగతి గుర్తుంది. అయినా తెలుగులో మొత్తం చదివి వినిపించాను. కెనడా దరఖాస్తులో ముందు పేరు నాదేనన్న సంగతీ చెప్పాను. ఆమె నా చేతిని మోకాలి మీది నుంచి పక్కకు తీసింది.

“నువ్వు అయిదేండ్లు ఖమ్మంల ఉంటివా?”

“కాగితంల అట్లనే ఉంది అత్తమ్మా.”

“మరి ఆయనను ఎవలు జూసిండ్రంట?”

నేను నూనె సీసాకు మూత పెట్టాను. ఆమె మెల్లగా కాళ్లు ముడుచుకుంది. “నెల సెలవు వెట్టుమని అన్నది నేనే. ఆ మాట అనుడు అయితే అన్న గని, మళ్ల పో అని ఎన్నడు అనలే. నువ్వు పోతే నా చేతుల మీద వడ్తదని భయమైంది” అంది. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆమె ఆ మాట ఎత్తలేదు. ఆమెను క్షమించానో లేదో నాకు తెలియదు. ఒకరు నిజం చెప్పినప్పుడు ఒంట్లోకి వచ్చే నెమ్మది మాత్రం వచ్చింది.

నాగలత అంతకుముందు వేసవిలోనే ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లింది. జర్మనీలో నర్సు ఉద్యోగాలకు ముందు ఆ భాష నేర్పే శిక్షణ ఉంటుంది, హాస్టల్లో ఉండి చదవాలి. దాని సంగతులు ఫోన్లో చెబుతుండేది. నేను ఎవరి కథో విన్నట్టు వినేదాన్ని. ఈసారి నేనే ఫోన్ చేసి అడిగాను.

“అక్కా, కొత్త బ్యాచ్ తీసుకుంటున్నరు. ఈ మధ్యది రెండేండ్ల అనుభవం ఉంటె చాలు, నీకు మూడున్నయి. కెనడా లెక్క మొదలే పీఆర్ రాదు. ముందు పని పర్మిట్ ఇస్తరు. ఆడికి పొయినంక మన నర్సింగ్ సర్టిఫికెట్ వాళ్లు ఒప్పుకునేదాక అసిస్టెంట్ లెక్క చెయ్యాలె. తర్వాత కొన్నేండ్లకు పీఆర్. గని అక్కా, మొదలు ఒక్కరమే పోవాలె. ఇంటోళ్లు తర్వాత.”

“ఒక్కరమేనా?” అన్నాను. నా గొంతులో వినిపించింది భయం కాదని నాగలతకు అర్థమైందో లేదో.

మధ్యాహ్నం భోజనం టైములో నర్సుల గదిలో కూచుని నాకోసం ఒక మెయిల్ తయారు చేసుకున్నాను. ముప్పై అయిదేళ్లకు నా పేరుతో మొదటి మెయిల్. పాస్‌వర్డ్ నేనే పెట్టుకున్నాను. నా దగ్గర ఉన్న నిజం కాగితాలే పంపాను, మూడేళ్ల సర్టిఫికెట్, పెళ్లికి ముందూ తర్వాతా చేసిన పాత సర్టిఫికెట్. నర్సింగ్ మార్కుల మెమోలు ఇల్లందులో ఉంటే నాన్న పిచ్చయ్య పట్టుకొచ్చి హాస్పిటల్ దగ్గరే ఇచ్చాడు. విషయం చెప్పాను. అల్లుడికి తెలుసా అని అడుగుతాడనుకున్నాను. ఆయన గేటు బయట చాయ్ తాగుతూ, “బాయిల దిగేటప్పుడు ఎవని లైటు వాడే పట్టుకపోవాలె బిడ్డా. పక్కోని వెలుగుల నడుస్త అంటే సూపర్‌వైజర్ దిగనియ్యడు” అన్నాడు. అంతే, బస్సు టైమైందని వెళ్లిపోయాడు.

ఎంపికయ్యానని మెయిల్ వచ్చిన రోజు సాయంత్రం శ్రీశైలం అన్నం తింటుండగా చెప్పాను. హైదరాబాద్‌లో ఎనిమిది నెలలు. పరీక్ష పాసైతే జర్మనీ. ముందు నేనొక్కదాన్నే.

“మరి కెనడా?”

“ఆ కాగితం మీద సంతకం పెట్టను బావా. అసలు ఆ గడిల నిరుద్యోగి అన్నది గూడ తీసెయ్యి. మంచంల ఉన్న మామయ్యను చూసిందని రాయి. పాయింట్లు రాకుంటే రాకపోనీ.”

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “నేను రెండేండ్ల సంది తిరిగిన దీని కోసం. మన కోసమే గదా తిరిగింది? నువ్వు నాకు మాట గూడ చెప్పకుండ…” నిజంగానే బాధపడ్డాడు. నాకూ బాధేసింది. అతని కంచంలో పెరుగు వేశాను. కాసేపటికి, తనకు గెలుపు ఖాయమనుకున్న ప్రశ్న వేశాడు.

“ఎనిమిది నెలలంటే మాటలా? ఆ తర్వాత ఇంకెన్నాళ్లో? పిల్లను ఎవలు జూస్తరు?”

“మీ నాయినను అయిదేండ్లు నేను జూసిన. నీ బిడ్డను ఒక్క ఏడాది నువ్వు జూడు.”

అరవలేదు. నీళ్ల గ్లాసు పక్కకు జరిపినంత మామూలుగా అన్నాను. గుమ్మంలో అత్తమ్మ నిలబడి ఉంది. కొడుకు ఆమె వైపు చూశాడు, ఏమన్నా అంటుందేమోనని. “పిల్లకు జడలు నేనేస్త. నిలవడి వండుడు నాతోని గాదు, అది నువ్వు నేర్చుకో” అంది ఆమె.

హైదరాబాద్‌లో హాస్టలు గదికి నలుగురం. క్లాసులో ఇరవై రెండు మందిమి, ములుగు, నల్గొండ, మణుగూరు, ఎక్కడెక్కడి వాళ్లమో. సగంమందికి పెళ్లిళ్లయ్యాయి. మొదటి నెల రోజూ ఏడ్చాను. తొమ్మిదేళ్ల పిల్లను వదిలేసి వచ్చిన తల్లిని అని నాకు నేనే చెప్పుకుని ఏడ్చాను. పొద్దున్నే లేచి, ఎవరికీ డబ్బా కట్టాల్సిన పని లేక, చేతులు ఏం చెయ్యాలో తెలియక మంచం మీద కూచునేదాన్ని. రెండో నెలకు ఆ టైములో పాఠం చదవడం మొదలుపెట్టాను. పొద్దున గంటసేపు నాదే అయిన గంట ఎట్లా ఉంటుందో పెళ్లయ్యాక అప్పుడే చూశాను.

మాకు భాష నేర్పే హైమ మేడం ఒకరోజు అందరి జీవిత వివరాలు జర్మన్‌లో రాయించింది. అక్కడా ఖాళీలు ఉండకూడదు. నేను ఆ అయిదేళ్ల దగ్గర, మామగారిని ఇంట్లో చూసుకున్నాను, జీతం లేదు అని రాశాను. ఎర్రపెన్ను పెడుతుందనుకున్నాను. ఆమె చదివి, “దీన్ని ఇలాగే ఉంచండి. ఇంట్లోవాళ్లను చూసుకోవడానికి వాళ్ల భాషలో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది” అని ఆ మాటను బోర్డు మీద రాసింది. ఇంట్లో మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లకు అక్కడ పింఛను లెక్కలో కూడా కొంత కలుపుతారట. అంతమాత్రాన ఆ దేశమేదో దేవలోకమని నేను అనుకోలేదు. అక్కడ ముసలివాళ్లు ఎక్కువ, కోడళ్లు తక్కువ. అందుకే కాగితమిచ్చి, జీతమిచ్చి మమ్మల్ని పిలుస్తున్నారు. చేసే పని అదే. ఎవరికోసం చేస్తున్నానో వాళ్లు దాన్ని పని అంటారు, అంతే తేడా. ఆ తేడా తక్కువది కాదు.

ఇంటి నుంచి మొదట్లో రోజుకు నాలుగు ఫోన్లు. మెంతులెక్కడున్నాయి, చైత్ర యూనిఫాం ఏ రోజు ఏ రంగు, గ్యాస్ ఎవరికి చెప్పాలి. తర్వాత రెండయ్యాయి, తర్వాత ఒకటి. “నాన్న చపాతీలు చేసిండు మమ్మీ, మ్యాప్ లెక్క వచ్చినయి” అని నవ్వేది చైత్ర. ఒకసారి శ్రీశైలం డ్యూటీ నుంచి వచ్చి అంట్లు తోముతూ మాట్లాడాడు. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. “ఎట్ల జేసినవే ఇదంత? ఇదిగాక మా నాయిన…” అన్నాడు. నేను ఫోను గట్టిగా చెవికి ఆనించుకున్నాను. ఆ వాక్యం పూర్తి చేస్తాడేమోనని ఎదురుచూశాను. “సరే గని, నా వీసా గూడ నీదానితోనే పెట్టమని అడుగు. మనం జర్మనీ పోతున్నమని కాంట్రాక్టర్‌కు చెప్పేసిన. ఆడ లారీల పని దొరుకుతదా కనుక్కో” అన్నాడు. సరేనని పెట్టేశాను. అతను మారుతున్నాడు. చపాతీల దాకా వచ్చాడు. కానీ కెనడా ఫొటోతో మొదలైన ఆ ‘మనం’ ఇంకా అట్లాగే ఉంది. అందులోకి నన్ను ఎప్పుడు కలిపారో నాకు తెలియదు, నన్నెవరూ అడగలేదు.

భాష పరీక్ష పాసయ్యాను. ఆ తర్వాతి వారం అక్కడి హాస్పిటల్ వాళ్లు కంప్యూటర్ తెర మీద ఇంటర్వ్యూ చేశారు. తెల్లజుట్టు ఆవిడ ఒకరు నర్సులందరికీ పెద్ద. పక్కన ఇంకో అతను. అవసరమైతే సాయం చేయడానికి హైమ మేడం నా పక్కన కూచుంది. మంచంలో ఉన్న రోగికి పుండ్లు పడకుండా ఏం చేస్తారని ఆవిడ అడిగింది. చెప్పాను. వ్యాకరణం తప్పులతోనే చెప్పాను. చెయ్యి ఎక్కడ వెయ్యాలో, దుప్పటి ఎట్లా లాగాలో చేతులతో చూపిస్తూ చెప్పాను. ఆవిడ రాసుకోవడం ఆపి వింది.

చివరి ప్రశ్న అందరికీ ఒకటే. కుటుంబాన్ని ఎప్పుడు తీసుకురావాలనుకుంటున్నారు? నాకంటే ముందు వెళ్లినవాళ్లంతా, వీలైనంత తొందరగా అని చెప్పి వచ్చారు. ఆ వాక్యం నాకూ కంఠతా వచ్చు.

“నా కూతుర్ని వీలైనంత తొందరగా” అన్నాను.

ఆవిడ ఇంకా ఏదో వస్తుందన్నట్టు ఆగింది. తర్వాత అడిగింది. “మరి మీ భర్త?”

హైమ మేడం నాకు అర్థం కాలేదేమోనని తెలుగులో చెప్పబోయింది. నాకు అర్థమైంది. జర్మన్‌లోనే, ఒక్కొక్క మాటా సరిచూసుకుంటూ చెప్పాను.

“ఆయన ఇంకా నన్ను అడగలేదు.”